సీలు వేసిన అంగి

మా నాయన బతుకంతా ఆడవాళ్ళ బట్టే నేశాడు. మగవాడు తొడుక్కునే బట్ట ఒక్కసారే నేశాడు. అదే ఆయన చివరి నేత. ఆ బట్టలో కొంచెమైనా సంవత్సరీకం నాడు ఆయన ముందు పెట్టాలని మా అమ్మ కోరిక. ఆ కోరికకు అడ్డం వచ్చినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ తమ పని శ్రద్ధగా చేశారు. ఆ శ్రద్ధ గురించే రాస్తున్నాను.

మా వైపు చనిపోయిన పెద్దలకు బట్టలు పెడతారు. ఏడాది తిరిగిన రోజు ఫోటో ముందు కొత్త బట్టలు పెట్టి, విస్తరి వడ్డించి, దండం పెట్టుకున్నాక, ఇంటి మగవాళ్ళలో ఒకరు వాటిని కట్టుకుంటారు. కొడుకైనా అల్లుడైనా పరవాలేదు. పోయినవాడు కట్టుకున్నట్టే. బట్ట కొత్తది కావాలి, చిరుగు ఉండకూడదు. దీనికి శాస్త్రం ఉందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో అమ్మ చెప్పిందే నియమం.

గద్వాల చీర నేసేవాడు తాను మిల్లు ధోతి కట్టుకుంటాడు, మిల్లు గుడ్డ అంగి తొడుక్కుంటాడు. మా నాయనా అంతే. తన పెళ్ళిలో కూడా ఆయన ఒంటి మీద తాను నేసిన పోగు లేదు. ఇది ఎవరికీ వింతగా తోచేది కాదు. నాకూ తోచలేదు, అమ్మ అనేదాకా.

నేను అప్పట్లో వనపర్తిలో ఒక చిన్న కుట్టు కంపెనీలో పనిచేసేవాడిని. ఒక పాత బియ్యం మిల్లు గోదాములో మిషన్లు వేసి నడిపేవారు. బడిపిల్లల యూనిఫాంలు మా ప్రధానమైన పని. డిగ్రీ చదివానని, ఇంగ్లీషులో వచ్చే మెయిళ్ళు చదవగలనని నన్ను శాంపిళ్ళ మీద పెట్టారు. శాంపిల్ అంటే మచ్చుకు కుట్టే ఒక్క అంగి అనుకుని చేరాను. విదేశీ దుకాణం ఒక అంగి కొనాలంటే చూపు కోసం ముందు ఒకటి కుట్టాలి. ఒంటికి ఎలా కూర్చుంటుందో చూడటానికి ఇంకొకటి. తర్వాత చిన్నా పెద్దా అన్ని సైజుల్లో తలా ఒకటి. అవన్నీ ఒప్పుకున్నాక, ఇక మారదు అని సీలు వేయడానికి ఒక జత. ఆ సీలు పడితేనే అసలు అంగీలు మొదలవుతాయి. ఒక్కో మెట్టుకూ అవతలి నుంచి వ్యాఖ్యలు వస్తాయి. వాటిని సరిచేసి మళ్ళీ పంపాలి.

మా కటింగ్ మాస్టర్ ఈ పద్ధతిని మొదటి వారమే నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆయన పెద్దవాడు, సైకిల్ మీద వచ్చేవాడు, నన్ను తమ్మీ అనేవాడు.

"పిల్లను చూసిపోతరు. మల్ల నడిపిచ్చి చూస్తరు. మల్ల పిల్ల అక్కను, చెల్లెను, మేనత్తను చూస్తరు. అందరు నచ్చినంక, పిల్లను ఇంట్ల పెట్టి తాళమేసి, గిట్లాంటి పిల్లల్నే వెయ్యిమందిని చెయ్యమంటరు. గంతే తమ్మీ శాంపిల్ అంటే."

హైదరాబాదులో ఒక కొనుగోలు ఆఫీసు ఉండేది. అక్కడి మేడం ఏదో ప్రదర్శనలో గద్వాల చీర చూసిందట. చీర కాదు, చీర నడుమ ఉండే నూలు బట్ట ఆమెకు నచ్చింది. దాంతో మగవాళ్ళ అంగీలు కుట్టిస్తే విదేశంలో ఒక దుకాణం కొంటుందని మా కంపెనీకి వచ్చింది. మా నాయన నేస్తాడని నేనే చెప్పాను. ఆమె కారులో గద్వాల మా ఇంటికి వచ్చింది. నాయన మగ్గం గుంటలోంచి లేవకుండా, నాడెను అటూ ఇటూ విసురుతూనే మాట్లాడాడు.

"చీర వద్దండి," అంది మేడం. "మధ్యలో బట్ట ఉంటుంది కదా, అదొక్కటే చాలు. అంచు వద్దు, కొంగు వద్దు."

"అంచు లేదు, కొంగు లేదు. ఇగ ఏం మిగిల్తది మేడం?"

"బట్ట మిగులుతుంది కదండీ."

"మిగిల్తది. గసొంటి బట్ట మా దిక్కు మనిషికి ఒక్కసారే కప్పుతరు. కప్పుకున్నోడు మంచిగున్నదనడు, లేదనడు."

ఆమెకు అర్థం కాలేదు. నవ్వింది. నేను విడమరిచి చెప్పలేదు. పాడె మీద కప్పే బట్టకు అంచు ఉండదని అతిథికి చెప్పడం బాగుండదనిపించింది.

"ముందు శాంపిల్‌కి కొంచెం నేయండి. నచ్చితే చాలా తీసుకుంటాం," అంది.

"నచ్చకపోతే?"

"ఇంకో శాంపిల్ చేద్దాం."

"చీరకు శాంపిల్ ఉండది మేడం. నేసినంక అదే శాంపిల్, అదే చీర. నచ్చినోల్లు కొంటరు, నచ్చనోల్లు పోతరు."

ఆమె పోయాక అమ్మ లోపలి నుంచి అంది, "కొడుకు నౌకరి అన్న చూడవా? జర నెమ్మదిగ మాట్లాడితే నీ నాడె ఆగుతదా?" నాయన ఒప్పుకున్నాడు. నా ఉద్యోగం కోసమే ఒప్పుకున్నాడు.

మూడు చీరలంత పొడవున ఒకే తాను నేశాడు. తెల్లటి నూలు మీద సన్నటి బూడిదరంగు చారలు. నేను ఆదివారం ఇంటికి వచ్చేసరికి తాను సగం అయింది. ఒక చీర పొడవు పూర్తయిన చోట అడ్డంగా కుంకుమరంగు గీత ఒకటి కనిపించింది. ఒకే ఒక్క సన్నటి గీత, ఈ కొస నుంచి ఆ కొసకు.

"నాయినా, కొంగు వద్దన్నరు గద."

"కొంగు ఏడున్నది? గీత అది."

"గీత గూడ వద్దు."

"ఉత్త బట్ట నేసి ఇయ్యరా నేను. ఎవడు తొడుక్కుంటడో ఏమో. బతికున్నోని బట్ట అని తెల్వాలె గద."

చీర పొడవు అయిన ప్రతిచోటా ఆ గీత వేశాడు. బహుశా అలవాటు కూడా కావచ్చు. బతుకంతా ఆ పొడవు దగ్గర ఆగి కొంగు ఎత్తుకున్న చేతికి ఏమీ చేయకుండా ముందుకు పోవడం చేతకాలేదు. గీత తిన్నగా లేదు. ఎడమ వైపుకు వచ్చేసరికి కొద్దిగా కిందికి వాలింది. కొన్నాళ్ళుగా ఎడమ భుజం గుంజుతోందని అంటున్నాడు. గ్యాస్ అని తనే తేల్చుకున్నాడు. పోగును బిగించే పలక ఒకవైపు గట్టిగా, ఒకవైపు మెత్తగా పడితే పేక, అంటే అడ్డపోగు, వాలుతుంది. దానికి ఇంతకుమించి అర్థం వెతకడం నాకు ఇష్టం లేదు. తర్వాత చాలామంది వెతికారు.

తాను కోసి నాకు ఇచ్చాడు. మరుసటి వారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, వద్దని లేచి, దవాఖానకు పోదామన్నాడు. పక్కింటివాళ్ళు ఆటోలో తీసుకుపోయారు. గుండె అన్నారు. నేను వనపర్తి నుంచి బస్సులో వచ్చేసరికి ఆయన్ను ఇంటికి తెచ్చేశారు.

పదకొండు రోజులు గడిచాక అమ్మ అడిగింది.

"మీ నాయిన నేసిన మగబట్ట ఏడున్నదిరా?"

"వనపర్తిల ఉన్నది. కంపెనీల."

"బతుకంత ఆడోల్లకు నేసిండు. మగోని బట్ట ఒక్కసారి నేసిండు. అది గూడ ఆయనకు పెట్టకపోతే ఎట్ల? అండ్ల ఒక ధోతి అంత తెచ్చియ్యి. ఏడాదికి పెడ్త."

చాలా చిన్న కోరిక అనిపించింది. తాను మొత్తం గోదాములో ఉంది, ఏడాది ముందుంది. మేడంకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె నిజంగా బాధపడింది. "సీలు పడనివ్వండి. మిగిలిన బట్టంతా మీ ఇంటికే. నేను మాటిస్తున్నాను," అంది. ఆ మాట ఆమె చివరిదాకా నిలబెట్టుకుంది. మిగలకపోవడం వేరే సంగతి.

మొదటి అంగి వెళ్ళింది. చూపు కోసం కుట్టేదానికి కొలతలు ముఖ్యం కాదు కాబట్టి మాస్టర్ బట్ట పొదుపుగా కోశాడు. గీత అనుకోకుండా ఎడమ ఛాతీ మీద వచ్చింది. పదిరోజులకు మెయిల్ వచ్చింది. బట్ట బాగుంది, చారలు బాగున్నాయి, కానీ అన్నిటికంటే ఆ గీత బాగుందన్నారు. ఆ వాలు చాలా సహజంగా ఉందట. ప్రతి అంగిలోనూ గీత అదే చోట, అదే వాలుతో రావాలన్నారు. అడగకుండా పెట్టినదాన్ని ఇప్పుడు తప్పనిసరి చేశారు. మా నాయన ఉంటే ఏమనేవాడో నేను ఊహించి రాయను.

మాస్టర్ తానును బల్ల మీద పరిచి, గీతల దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు.

"తమ్మీ, గీత ఉన్నకాడనే ఎడమ భాగం కొయ్యాలె. గీతలేమో మూడే, ఒక్కోదాన్ల మూడు ముక్కల కంటే ఎక్కువ ఎల్లవు. మీ నాయినను జర ఎక్కువ గీతలు కొట్టమనకపోతివి."

"కొట్టద్దని చెప్పిన మాస్టర్."

"గట్లనా," అన్నాడు. తర్వాత కత్తెర తీసుకున్నాడు.

రెండోది ఒంటి మీద చూసే అంగి. విదేశీ మీడియం సైజు ఛాతీ ఉన్న మగవాడు మా కంపెనీలో లేడు. అంగి తొడిగి చూసే బొమ్మను కొనేంత స్థోమత కంపెనీకి లేదు. కొలతల కాగితం చూస్తుంటే నాకు మా బావ గుర్తుకు వచ్చాడు. మా అక్క భర్త. నాగర్‌కర్నూల్ డిపోలో కండక్టరు. నాగర్‌కర్నూల్ పోయి అక్క ఇంట్లో టేపుతో కొలిచాను. ఛాతీ, నడుము, మెడ అన్నీ సరిపోయాయి.

"నేను ఫారినోని లెక్క ఉన్ననంట," అన్నాడు బావ అక్కతో.

"ఛాతీ వరకేనంట. మొకం వేరే తీసుకుంటరు," అంది అక్క.

సెలవు రోజున బావ వనపర్తి వచ్చాడు. మిషన్లు ఆపి ఆడవాళ్ళంతా చూస్తుంటే నిలబడ్డాడు. మాస్టర్ చుట్టూ తిరిగి గుండుసూదులు పెట్టాడు. ఎడమ భుజం దగ్గర బట్ట ముడత పడింది. విప్పి మళ్ళీ కుట్టినా ముడత పోలేదు. మాస్టర్ వెనక్కి నడిచి, తల వంచి చూసి, "అల్లుడా, నీ భుజమే కిందికున్నది," అన్నాడు.

"బ్యాగు మాస్టర్," అన్నాడు బావ. "పొద్దుగాల నుంచి రాత్రి దాక చిల్లర బ్యాగు అదే భుజానికి ఏలాడుతది. భుజం గూడ ప్రభుత్వం కింద పనిచేస్తది."

మాస్టర్ ఏ దర్జీ అయినా చేసేదే చేశాడు. మనిషిని బట్టి బట్ట సరిచేశాడు. బట్ట కోయడానికి కొలతగా పెట్టుకునే అట్టను ఎడమ భుజం దగ్గర కొంచెం కిందికి కోశాడు. ముడత పోయింది. అంగి బావకు అచ్చంగా కూర్చుంది. ముందూ వెనకా ఫోటోలు తీసి, అంగితో సహా పంపాం. అమర్పు చాలా బాగుందని జవాబు వచ్చింది. భుజం మీద ఒక్క వ్యాఖ్య లేదు. అప్పటి నుంచి ఆ అట్టలే ప్రమాణం అయ్యాయి. ఒక దేశపు మగవాళ్ళందరికీ చిల్లర బ్యాగు మోసిన భుజం ఖాయమైంది. నేను ఆ సంగతి గమనించింది చాలా తర్వాత. మాస్టర్ అప్పటికే గమనించాడట. "వాల్లకు నచ్చింది గద, మనమెందుకు పరేషాన్ కావాలె?" అన్నాడు.

దసరాకు ఇంటికి వెళితే అమ్మ అడిగింది, "తెచ్చినవా?"

"ఇంక అయితలేదమ్మా."

"ధోతి కాకపోతే అంగి ముక్కనన్న తే. కత్తెర పడకముందే తే."

ఆ ముక్క తేవాల్సిన సమయంలోనే అన్ని సైజుల అంగీలు కుట్టమన్నారు. చిన్న సైజు నుంచి అన్నిటికంటే పెద్ద సైజు దాకా తలా ఒకటి, అన్నీ అక్కడికే పంపాలి. పెద్దదాన్ని కుట్టి తాడుకు తగిలిస్తే గోదాము కిటికీ మూసుకుపోయింది.

"ఇది ఎవలికి తమ్మీ?" అన్నాడు మాస్టర్. "మనిషికా, మనిషి ఎక్కొచ్చే బండికా?"

"గసొంటోల్లు ఉంటరు మాస్టర్ ఆడ."

"ఉంటె ఉండనీ. వాని ఒక్కని అంగిల మీ అమ్మకు ధోతి, తువాల రెండు ఎల్లుతుండె."

అమ్మ ధోతి అడిగిన సంగతి నేను ఆయనకు చెప్పలేదు. బావ చెప్పి ఉంటాడు. ఆ తర్వాత మాస్టర్ కోసేటప్పుడు నన్ను పక్కన ఉండనివ్వలేదు. టీ తెమ్మని పంపేవాడు.

ఈలోగా అసలు అంగీల కోసం కావలసిన బట్టను కన్నడ సరిహద్దున ఉన్న గట్టు ఊరి మగ్గాలకు ఇచ్చాం. అక్కడ ఒక పెద్దాయన మంచి పనివాడు. నేసి పంపిన మచ్చు చూస్తే తప్పు పట్టడానికి లేదు. గీత దారం పట్టి కొట్టినట్టు సమంగా ఉంది. హైదరాబాదు నుంచి వెంటనే తిరస్కారం వచ్చింది. గీత మరీ సరిగా ఉందట. అసలు మచ్చులో ఉన్న సహజత్వం లేదట. వాలు కావాలన్నారు. నేను ఆ ముక్క పట్టుకుని గట్టు బస్సు ఎక్కాను.

"వంకర నెయ్యమంటున్నరు," అని చెప్పాను.

పెద్దాయన ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. "ఎంత వంకర?"

"మా నాయిన నేసినంత."

"హౌదు, మీ నాయిన నాకు ఎరికే. ఆయన వంకర నేసెటోడు కాదు."

"ఒక్కసారి నేసిండు," అన్నాను.

ఆయన మగ్గం గుంటలోకి దిగాడు. రెండు మూడుసార్లు వాల్చి నేసి చూశాడు. ఒకసారి ఎక్కువ వాలింది, ఒకసారి కుడివైపుకు వాలింది. చివరికి, "చెయ్యి ఇనది బిడ్డా. తప్పు చెయ్యాలంటే తప్పు రావాలె గద," అని పలక వదిలేశాడు. మేడంకు ఆ మాటే ఇంకొంచెం మర్యాదగా చెప్పాను. ఆమె ఆలోచించి, సీలు వేసే జతకు అసలు బట్టే వాడదామని, మగ్గాల సంగతి తర్వాత చూసుకుందామని అంది. అసలు బట్ట అంటే మా నాయన బట్ట. చివరి గీత దగ్గర మిగిలింది సరిగ్గా ఆ జతకే సరిపోయింది. పీలికలు మిగిలాయి. వాటిని మాస్టర్ ఒక సంచిలో వేసి నాకు ఇచ్చాడు. మేడం మాట ప్రకారం మిగిలిన బట్టంతా మా ఇంటికే వచ్చింది.

అమ్మ సంచిలో చెయ్యి పెట్టి చూసి పక్కన పెట్టింది.

"గిది ఏంది, వత్తులు చేసుకోనీకా?"

"రెండు అంగీలు కుట్టినమమ్మా. ఒకటి ఆడికి పోయింది. ఒకటి ఈడ ఉన్నది. సీలేసిన్రు."

"ఈడ ఉన్నది తే."

"అది ముట్టుకునేది లేదు. అసలు అంగీలన్ని దాన్ని చూసి కుట్టాలె."

"అసలువి వచ్చినంక?"

"అప్పుడు తెస్త."

"ఏడాది లోపల వస్తయా?"

వస్తాయన్నాను. అప్పటికి అలాగే అనుకున్నాను.

ఆ అంగిని బల్ల సొరుగులో పాలిథిన్ కవర్లో ఉంచేవాళ్ళం. కాలరు గుండీకి ఒక ఎర్ర చీటీ, చీటీ దారానికి చిన్న సీసపు సీలు. చీటీ మీద అక్కడివాళ్ళ సంతకం, ఇక్కడ నా సంతకం. దాన్ని కవరు లోంచి తీయాలంటే ఇద్దరు ఉండాలి. మా నాయనను ఇంటి నుంచి తీసుకుపోయినప్పుడు కూడా ఇంత జాగ్రత్త లేదు. గద్వాలలో అమ్మ రోజూ మగ్గం మీద దుమ్ము తుడిచేది. మగ్గం విప్పలేదు. తాను కోసిన తర్వాత మిగిలిన పడుగు కొసలు అలాగే వేలాడుతూ ఉండేవి.

అమెరికాలో బ్యాంకులు మునిగాయని పత్రికల్లో చదివాను. ఆ వార్తలకూ సొరుగులోని అంగికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. ఎండలు మొదలవుతుండగా మేడం ఫోన్ చేసింది. దుకాణం వాళ్ళు చాలా ఆర్డర్లు ఆపేశారట. ముందు బరువైన బట్టలు ఆపారట, తర్వాత ఖరీదైనవి ఆపారట, మా అంగి ఇప్పుడు ఆగిందట. ఆమె గొంతులో ఏడుపు ఉంది. ఆమె ఉద్యోగం కూడా ఉంటుందో లేదో తెలియదని అంది.

"మీ నాన్నగారి బట్ట... నాకు గుర్తుందండి," అంది.

"ఇక్కడున్న అంగి తీసుకుపోవచ్చా మేడం? సంవత్సరీకం దగ్గరికొచ్చింది."

"తప్పకుండా తీసుకోండి. కానీ బయటికి పోయే ముందు కట్ చేయాలి. సీల్ శాంపిల్ కదా. బయట అమ్మకుండా రంధ్రం పెట్టాలని రూలు."

"మేము అమ్మం మేడం."

"మీరు అమ్మరని నాకు తెలుసండి. రూలుకు తెలియదు కదా. కోసి ఫోటో పంపండి, నేను క్లోజ్ చేస్తాను."

చిరుగు లేని కొత్త బట్ట కావాలని అమ్మ చెప్పిన సంగతి ఆమెకు చెప్పాను. "అయితే చిన్నగా కోయండి," అంది ఆమె.

మాస్టర్ సీలు తెంపి అంగిని బల్ల మీద పరిచాడు. మామూలుగా అయితే ఛాతీ మీద కోస్తారు, అందరికీ కనబడేలా. ఆయన చేతిని పక్కకు మడిచి, ఎడమ చంక కింద, కుట్టు పక్కనే, గుండీ పట్టేంత కోశాడు. ఫోటో తీసి పంపాం. మరునాడు జవాబు వచ్చింది. మేడం నుంచి కాదు, ఆమె పైన ఉన్నవాళ్ళ నుంచి. రంధ్రం కొలత సరిపోదు, ఇంత ఉండాలి, మళ్ళీ ఫోటో పంపండి.

"రంధ్రానికి గూడ శాంపిలేనా?" అన్నాడు మాస్టర్. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్కేలు పెట్టి, గీత గీసి, చెప్పినంత కోశాడు. ఆమోదించామని వెంటనే జవాబు వచ్చింది. ఏడాది పొడుగునా మేము పంపినవాటిలో ఇంత తొందరగా ఒప్పుకున్నది ఇంకేదీ లేదు.

అంగిని కవరులో పెట్టుకుని గద్వాల బస్సు ఎక్కాను. అమ్మ విప్పి, ముందు గీత దగ్గర చెయ్యి పెట్టింది. చాలాసేపు అక్కడే ఉంచింది. తర్వాత తిరగేసి చూస్తూ చంక దగ్గర ఆగింది. రంధ్రంలోంచి వేలు బయటికి వచ్చింది.

"ఎలుక కొట్టిందా?"

"కోసిన్రమ్మా. రూలంట."

"కావాలని కోసిన్రా?"

"ఆ."

"ఎందుకు?"

"ఎవరన్న అమ్ముకుంటరని."

అమ్మ నన్ను చూసింది, అంగిని చూసింది. "మీ నాయిన చీరలు అమ్ముకునేటోడు గాని అంగి అమ్ముకునేటోడు కాదని చెప్పకపోయినవా?" అంది. తర్వాత లేచి మగ్గం దగ్గరికి పోయి, వేలాడుతున్న పడుగు కొసల్లోంచి కొన్ని పోగులు తెంపుకుంది. అదే తాను పోగులు.

పోగులు అతకడం ఆమె జీవితమంతా చేసిన పని. కానీ ఇప్పుడు చూపు సరిగా ఆనదు. వాకిట్లో ఎండకు కూర్చుని రెండు పూటలు పోగు పోగునా అల్లి రఫూ చేసింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. పని బాగా రాలేదు. రంధ్రం మూసుకుంది గానీ అక్కడ బట్ట ముడుచుకుని గట్టిపడింది, చారలు కలవలేదు. అమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఆయనకు తెలుస్తది," అంది. "తెల్వనీ."

సంవత్సరీకం నాడు అంగిని మడిచి ఫోటో ముందు పెట్టింది. గీత పైకి కనబడేలా మడిచింది. నాయనకు వరసకు అన్న అయ్యే ఒక పెద్దాయన వచ్చాడు. బట్టను తాకి చూసి, చేతికి అతుకు తగలగానే ఆగాడు.

"అతుకు బట్ట పెడ్తరా అమ్మా పెద్దలకు? చిరిగింది పెట్టద్దు గద."

"చిరగలే బావా, కోసిన్రు," అంది అమ్మ. "చిరుగుడు వేరే, కోసుడు వేరే. ఈ బట్ట పాతగాలే, ఎవలు తొడుక్కోలే. మంచిగున్నదని దేశాలన్ని తిప్పి ఒప్పుకున్నరు. మీరొక్కరు ఒప్పుకుంటే అయిపాయె."

పెద్దాయన నా వైపు చూశాడు. నిజమేనని తల ఊపాను. ఆయన అక్షతలు వేశాడు.

దండాలు అయ్యాక అమ్మ అంగి తీసి నాకు ఇచ్చింది. తొడుక్కున్నాను. ఛాతీ దగ్గర సంచిలా నిలబడింది, ఎడమ భుజం జారిపోయింది. అమ్మ చూసింది. చెయ్యి చాచింది. విప్పి ఇచ్చేశాను. అంగిని బావకు ఇచ్చింది.

బావకు సరిపోయింది. భుజం దగ్గర ఒక్క ముడత లేదు. గీత ఛాతీ మీద సరిగ్గా రావలసిన చోట వచ్చింది. అక్క చూసి కళ్ళు తుడుచుకుంది. అమ్మ బావ చుట్టూ తిరిగింది, మాస్టర్ తిరిగినట్టే. వెనక నుంచి చూసింది. కాలరు సర్ది, భుజాల మీద అరచేతులతో నిమిరింది.

"చెయ్యి లేపు అల్లుడా."

బావ ఎడమ చెయ్యి లేపాడు. చంక కింద అతుకు మొత్తం బయటపడింది.

"దించు," అంది అమ్మ. "చెయ్యి లేపకుంటే ఏం తెల్వదు."

"బస్సుల కడ్డీ పట్టుకోని నిలబడెటోన్ని అత్తా, లేపకుంటే ఎట్ల?"

"డ్యూటీకి ఖాకీ ఉన్నది గద. ఇది డ్యూటీకి కాదు."

"డ్యూటీ లేనినాడు గూడ బస్సులనే తిరుగుత నేను."

"అయితే కూసో," అంది అమ్మ. "టిక్కెట్ కొనుక్కోని కిటికీ కాడ కూసో. ఆయన గూడ బతుకంత కూసునే ఉండె."

ఆ సాయంత్రం నాగర్‌కర్నూల్ పోవడానికి అక్కా, ఆ అంగితోనే బావా గద్వాల బస్టాండుకు వచ్చారు. నేనూ సాగనంపడానికి వెళ్ళాను. బస్సు నిండిపోయింది. వెనక సీట్లో కిటికీ పక్కన ఒక్క చోటు ఖాళీ ఉంది. బావ అక్కను నిలబెట్టి తాను కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మనిషిని ఎగాదిగా చూశారు. అక్క కడ్డీ పట్టుకుంది. బావ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, కిటికీ లోంచి నన్ను చూశాడు. బస్సు కదిలినప్పుడు చెయ్యి ఊపబోయి ఆగి, తల ఊపాడు.